వేసవి టైరుకు వానే పరీక్ష

టొయోటా జీఆర్86 రెండు తలుపుల చిన్న స్పోర్ట్స్ కారు. 2022 మోడల్‌గా అమెరికాలో అమ్మకానికి వచ్చినప్పుడు దాన్ని రెండు రకాల టైర్లతో ఇచ్చారు. తక్కువ ధర కారుకు 17 అంగుళాల చక్రాలు, వాటికి మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు. ప్రీమియం కారుకు 18 అంగుళాల చక్రాలు, వాటికి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు. ఇంజను రెండింటికీ ఒకటే, 2.4 లీటర్లు, 228 హార్స్‌పవర్. టైరు వెడల్పూ ఒకటే, 215 మిల్లీమీటర్లు. వ్యాసం కొలిస్తే ఒకటి 625 మి.మీ., మరొకటి 629. రెండూ వేసవి టైర్ల జాబితాలోనే ఉంటాయి. అయినా ఒకే మలుపులో ఒక కారు వెనక భాగం పక్కకు జరగడం మొదలుపెట్టే వేగానికి రెండో కారు ఇంకా నిబ్బరంగా రోడ్డును పట్టుకునే ఉంటుంది.

ఈ తేడా పొరపాటున వచ్చింది కాదు. దీనికి ముందు తరం కారు జీటీ86 కూడా 2012లో ప్రైమసీ టైర్లతోనే వచ్చింది. పెట్రోలు పొదుపుకు పేరుపడ్డ ప్రియస్ కారుకు ఇచ్చిన రకమే అది. టెట్సుయా టాడా నాయకత్వంలోని ఇంజనీర్ల బృందం కావాలనే పట్టు తక్కువగా ఉండే టైరును ఎంచుకుంది. మామూలు మనిషి మామూలు వేగంలోనే కారు జారే హద్దు దాకా వెళ్లి, అక్కడ దాన్ని ఎలా అదుపు చేయాలో తెలుసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. ఎంతో ఆలోచించి తీసుకున్న నిర్ణయమది. అయితే ఆ కారు కొన్నవాళ్లలో చాలామంది అసలు టైర్లు అరిగేదాకా కూడా ఆగకుండా వాటిని మార్చేశారు. ఏ టైరుకు మార్చాలన్న ప్రశ్నకు జవాబు దుకాణంలో దొరకదు. దానికోసం రబ్బరు లోపలికి తొంగిచూడాలి.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. డ్రైవరుతో కలిపి ఈ కారు బరువు దాదాపు 1,350 కిలోలు. ఒక్కో చక్రం మీద సుమారు 340 కిలోల భారం. టైరులో గాలి 35 పీఎస్‌ఐ ఉందనుకుందాం. ఆ భారాన్ని ఆ పీడనంతో భాగిస్తే, రోడ్డును తాకే రబ్బరు ఒక్కో చక్రానికి 140 చదరపు సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. టైరు పక్క గోడల బిగువు వల్ల కాస్త అటూఇటూ మారవచ్చు. నాలుగు చక్రాలూ కలిపితే ఒక ఏ4 కాగితం వైశాల్యం కంటే తక్కువ. మీరు బ్రేకు మీద కాలు వేసినా, స్టీరింగు తిప్పినా ఆ ఆజ్ఞ రోడ్డుకు చేరే దారి అదొక్కటే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ట్రెడ్‌లోని, అంటే నేలను తాకే పై రబ్బరులోని, ఏ ముక్క అయినా నేలను తాకి ఉండేది సెకనులో రెండు వందల వంతు కన్నా తక్కువే. అంతలోనే అది రోడ్డును పట్టుకోవాలి, బలం అందించాలి, వదిలేయాలి.

బడిలో ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు అది తాకే వైశాల్యం మీద ఆధారపడదనీ, వేగంతో సంబంధం లేదనీ నేర్పుతారు. ఇనుము మీద ఇనుముకు ఆ నియమం బాగానే సరిపోతుంది. రబ్బరుకు మాత్రం సరిపోదు. రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది. మొదటిది అంటుకోవడం. రబ్బరులోని పొడవాటి అణు గొలుసులు రాతి ఉపరితలానికి క్షణకాలం అతుక్కుని, సాగి, ఊడి, మళ్లీ అతుక్కుంటాయి. ఇది పొడి రోడ్డు మీద బలంగా పనిచేస్తుంది, మధ్యలో నీటి పొర వస్తే బలహీనపడుతుంది. రెండోది కంకర రాళ్ల ఎగుడుదిగుడుల్లోకి రబ్బరు దిగడం. రాయి మీదుగా జారేటప్పుడు రబ్బరు ముందు నొక్కుకుంటుంది, తర్వాత పైకి లేస్తుంది. నొక్కడానికి ఖర్చయిన శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత లోపలే వేడిగా మారిపోతుంది. అందుకే రాయి ఎదుటి వైపు ఎక్కువ బలంతో, వెనక వైపు తక్కువ బలంతో నొక్కుతుంది. ఆ రెండింటి తేడాయే మనకు పట్టుగా అందుతుంది. తడి రోడ్డు మీద మనల్ని కాపాడేది ప్రధానంగా ఈ రెండోదే.

దీన్ని ప్రయోగంతో విడదీసి చూపినవాడు కె. ఎ. గ్రోష్. 1963లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం ఈ శాస్త్రానికి మూలస్తంభం. రబ్బరు ముక్కలను ఒకసారి గాజు మీద, ఇంకోసారి గరుకైన సిలికాన్ కార్బైడ్ మీద ఆయన జరిపి చూశాడు. రాపిడి వల్ల వేడి పుట్టి లెక్క చెడిపోకుండా చాలా నెమ్మదిగా లాగుతూ, చుట్టూ ఉన్న ఉష్ణోగ్రతను మారుస్తూ పోయాడు. గరుకు తలం మీద మెగ్నీషియా పొడి చల్లితే అంటుకోవడం వల్ల వచ్చే పట్టు మాయమై, శక్తి నష్టం వల్ల వచ్చే పట్టు ఒక్కటే మిగిలింది. అంతకన్నా ముఖ్యమైన ఫలితం ఇంకొకటి ఉంది. ఉష్ణోగ్రత తగ్గించడం, వేగం పెంచడం రబ్బరు దృష్టిలో ఒకటేనని తేలింది. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో గీసిన వక్రరేఖలన్నీ వేగం అక్షం మీద జరిపితే ఒకే రేఖగా కలిసిపోయాయి.

తిరునాళ్లలో అమ్మే జీడిని చేతిలోకి తీసుకున్నవాళ్లకు ఈ సంగతి వేళ్లకే తెలుసు. మెల్లగా లాగితే తీగలా సాగుతుంది, ఠక్కున లాగితే పుటుక్కున తెగుతుంది. చలిలో ఉంచితే మెల్లగా లాగినా తెగుతుంది. రబ్బరు గొలుసులకూ కదలడానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకపోయినా, చలి వల్ల గొలుసులు మందగించినా రబ్బరు గాజులా బిగుసుకుపోతుంది.

ఇప్పుడు దీన్ని కారుకు అన్వయిద్దాం. గంటకు 100 కిలోమీటర్లతో వెళ్లే కారులో చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. అంటే ట్రెడ్ మొత్తం అన్నిసార్లు వంగి లేస్తుంది. అదే సమయంలో గట్టిగా బ్రేకు వేస్తే ట్రెడ్ రోడ్డు మీద సెకనుకు రెండు మూడు మీటర్ల మేర జారుతుంది. ఒక మిల్లీమీటరు కంకర పలుకు మీదుగా పోయేటప్పుడు రబ్బరుకు సెకనుకు వేల కుదుపులు, రాతి మీది సన్నని గరుకు మీద లక్షల కుదుపులు తగులుతాయి. ఒకే రబ్బరు రెండు పనులు చేయాలి. చక్రం తిరగడమనే నిదానపు పనిలో శక్తిని వృథా చేయకూడదు, చేస్తే పెట్రోలు ఖర్చవుతుంది, టైరు వేడెక్కుతుంది. జారుడనే వేగవంతమైన పనిలో మాత్రం శక్తిని వీలైనంతగా మింగాలి. నల్లటి మసిని బలానికి కలిపిన పాత ట్రెడ్‌లలో ఈ రెండూ కలిసి పెరిగేవి, కలిసి తగ్గేవి. 1992లో మిషెలిన్ మసి స్థానంలో ఎక్కువగా సిలికాను వాడిన టైరును మార్కెట్లోకి తెచ్చాక ఆ ముడి విడిపోవడం మొదలైంది. సిలికా రేణువులకు రబ్బరుతో పొత్తు కుదరదు, అవి తమలో తామే గుంపు కడతాయి. సిలేన్ అనే రసాయనం ఒక చేత్తో సిలికానూ, మరో చేత్తో రబ్బరు గొలుసునూ పట్టుకుని రెండింటినీ కలుపుతుంది. ఈ రోజు తడి రోడ్డు మీద మంచి వేసవి టైరు నమ్మకంగా ఆగుతోందంటే అందులో ఈ రసాయనం పాలు చాలా ఉంది.

వేసవి టైరంటే మండుటెండకు తట్టుకునే టైరని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పేరు ఒక ఉష్ణోగ్రత పరిధిని చెబుతుంది. ఈ టైరు ట్రెడ్ రబ్బరు గాజు స్థితికి చేరే ఉష్ణోగ్రతను కావాలనే కాస్త ఎక్కువగా ఉంచుతారు. వెచ్చటి రోడ్డు మీద జారుతున్నప్పుడు శక్తిని బాగా మింగాలంటే రబ్బరు ఆ మార్పుకు దగ్గరలోనే ఉండాలి. దానికి చెల్లించే ధర చలికాలంలో తెలుస్తుంది. గాలి ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగాక ఈ రబ్బరు బిగుసుకుంటూ పోతుంది. 7 అనేది గీత గీసినట్టుండే హద్దు కాదు, టైరు రంగంలో వాడుకగా చెప్పే అంకె. గడ్డకట్టే చలిలో కొన్ని వేసవి టైర్లను నడిపితే ట్రెడ్ పగుళ్లివ్వవచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. అందుకే జర్మనీలో అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా చలికాలపు టైర్లు అని జనం లెక్క పెట్టుకుంటారు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగు ఇంజనీర్లు గరాజులో రెండో జత చక్రాలు పేర్చుకునేదీ ఇందుకే. డాలస్‌లో ఉండేవాళ్లకు ఏడాదిలో చాలా భాగం ఆ అవసరం రాదు. ఇక మన దగ్గర లంబసింగిలోనో ఆదిలాబాద్ ప్రాంతంలోనో కొన్ని చలి తెల్లవారుజాములు తప్ప రోడ్డు ఎప్పుడూ వేసవి టైరుకు అనువైన ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. విజయవాడ దుకాణంలో ఎవరూ వేసవి టైరని అడగరు. అక్కడ కార్ల టైర్లన్నీ దాదాపు ఆ కోవలోవే.

ఇక నీటి సంగతి. స్పోర్ట్స్ కారుకు టైరు ఎంచుకునేవాళ్లలో ఎక్కువమంది పొడి రోడ్డు మీద మలుపు గురించే ఆలోచిస్తారు. నేను మాత్రం ముందు తడి బ్రేకింగు ఫలితం చూడమంటాను. కారణం అంకెల్లోనే ఉంది. తడి రోడ్డు మీద ఒక టైరు ఘర్షణ గుణకం 0.8, ఇంకోదానిది 0.7 అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల నుంచి మొదటిది 49 మీటర్లలో ఆగుతుంది, రెండోది 56 మీటర్లలో. తేడా ఏడు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ముందు లారీ ఉంటే దాని వెనక భాగాన్ని ఆ వేగంతోనే గుద్దుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్ల మధ్య తేడాలు సాధారణంగా తక్కువ, డ్రైవరుకు మిగులూ ఎక్కువ. వానలో తేడాలు పెరుగుతాయి, మిగులు తగ్గుతుంది.

నీళ్లు ఎక్కువగా నిలిచిన రోడ్డు మీద ఇంకో ప్రమాదం ఉంది. టైరు ముందున్న నీరు పక్కకు తప్పుకోకపోతే చక్రం నీటి మీద తేలిపోతుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో వాల్టర్ హోర్న్, రాబర్ట్ డ్రెహర్ విమానాల టైర్ల మీద దీన్ని పరీక్షించి 1963లో నివేదిక ఇచ్చారు. గాలి పీడనాన్ని పీఎస్‌ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, గాడులు అరిగిన టైరు లోతైన నీటి మీద తేలే వేగం గంటకు మైళ్లలో వస్తుంది. 35 పీఎస్‌ఐకి అది గంటకు దాదాపు 99 కిలోమీటర్లు. గాలి 25కి పడిపోతే 83. కారు టైరు ఆకారం, గాడులు వేరు కాబట్టి ఈ అంకెలు అచ్చంగా వర్తించవు. అయినా గాలి తగ్గితే తేలే వేగమూ తగ్గుతుందన్న సంగతి కారుకూ వర్తిస్తుంది. ప్రతి వారం గాలి చూసుకోవాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనిపించదు.

వెడల్పు టైరు మోజు ఇక్కడే దెబ్బతింటుంది. మూడు మిల్లీమీటర్ల నీరు నిలిచిన రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న 215 టైరు దారిలోకి సెకనుకు సుమారు 18 లీటర్ల నీరు వస్తుంది. 245 టైరు వేస్తే 20 లీటర్లు దాటుతుంది. ఆ నీరంతా గాడుల్లోకి పోవాలి. కొత్త టైరులో గాడుల లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు. చట్టం ఒప్పుకునే కనిష్ఠం మన దేశంలోనూ, యూరప్‌లోనూ 1.6. జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ మాత్రం వేసవి టైరును 3 మిల్లీమీటర్లకే మార్చేయమంటుంది. అది సరైన మాట. 1.6 దగ్గర చలాను రాకపోవచ్చు గానీ, నీటికి చట్టంతో పని లేదు. కొత్త టైరుకు చేసిన పరీక్షలు చూసి కొన్న టైరును మనం ఎక్కువ కాలం నడిపేది సగం అరిగిన స్థితిలోనే. ఈ నిజాన్ని ఒప్పుకుని యూరప్ 2024 జూలై నుంచి కొత్త రకం కారు టైర్లకు అరిగిన స్థితిలోనూ తడి పట్టు పరీక్ష పెట్టింది.

పొడి రోడ్డు మీద 245 వల్ల లాభం లేదని కాదు. భారం, గాలి పీడనం మారకపోతే నేలను తాకే వైశాల్యం పెద్దగా మారదు, ఆకారం మారుతుంది. పొడవు తగ్గి అడ్డంగా పరుచుకుంటుంది. మలుపులో అది పక్క బలానికి మంచిది. ఒక చోట భారం కేంద్రీకరించే కొద్దీ రబ్బరు పట్టు దామాషాలో పెరగదు కాబట్టి, భారాన్ని సమంగా పరిచే టైరు కొంత గెలుస్తుంది. అయితే 228 హార్స్‌పవర్ల తేలిక కారుకు ఆ లాభం కన్నా బరువు పెరగడం, నీటిలో తేలడం, స్టీరింగు మొద్దుబారడం ఎక్కువ నష్టం. నా మట్టుకు నేను ఈ కారుకు 225 దాటమని చెప్పను.

స్టీరింగు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే స్పోర్ట్స్ కారు నడిపే ఆనందమంతా ఇందులోనే ఉంది. మలుపులో చక్రం చూసే దిక్కుకూ, నిజంగా వెళ్లే దిక్కుకూ మధ్య చిన్న కోణం ఏర్పడుతుంది. ఆ కోణం లేకపోతే పక్క బలమే లేదు. ట్రెడ్ ముక్క ముందు అంచున నేలను తాకి, వెనక్కి పోతూ పక్కకు మరింతగా మెలిపడుతుంది. అందుకే పక్క బలం మధ్యలో కాకుండా కాస్త వెనకగా పనిచేస్తూ, చక్రాన్ని తిన్నగా చేయాలని చూస్తుంది. మన చేతికి స్టీరింగు బరువుగా తగిలేది అదే. కోణం పెరిగే కొద్దీ వెనక భాగపు రబ్బరు ముందుగా జారడం మొదలుపెడుతుంది. పక్క బలం గరిష్ఠానికి చేరకముందే స్టీరింగు బరువు తగ్గుతుంది. హద్దు దగ్గరపడుతోందని టైరు చేతికి చెప్పే వార్త అది. పైలట్ స్పోర్ట్ 4 పక్క గోడ ఎత్తు 86 మి.మీ., ప్రైమసీది 97. పొట్టి గోడ తక్కువగా వంగుతుంది, చేతి కదలికకు వెంటనే జవాబిస్తుంది. అంచుల్లో పెద్ద పెద్ద ట్రెడ్ దిమ్మెలు, తక్కువ కోతలు ఉంటే దిమ్మె మెలిపడటం తగ్గుతుంది. బదులుగా గుంతలో పడితే ఆ పొట్టి గోడ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, పక్కన బుడగలా ఉబ్బుతుంది. అలా ఉబ్బిన టైరును ఒక్క రోజు కూడా నడపకూడదు. గుంతల రోడ్ల మీద తిరిగే కారుకు 17 అంగుళాల చక్రమే మేలు. ఆ కొలతలోనూ మేలురకం రబ్బరు దొరుకుతుంది.

అమెరికాలో అమ్మే టైరు పక్కన మూడు గ్రేడులు ముద్రించి ఉంటాయి. వాటిలో ట్రెడ్‌వేర్ అంకెను అరుగుదలకు కొలమానంగా చూస్తారు. దాని వెనకున్న పరీక్ష టెక్సస్‌లోని శాన్ ఏంజెలో పట్టణం చుట్టూ జరుగుతుంది. కార్ల వరుస ఒకే దారిలో తిరుగుతూ 7,200 మైళ్లు నడుస్తుంది. ప్రామాణికంగా పెట్టుకున్న టైరుతో పోల్చి అరుగుదలను అంచనా కడతారు. అయితే అంకెను ముద్రించేది తయారీదారే, పరీక్షలో వచ్చినదాని కన్నా తక్కువ వేసుకోవడానికీ అడ్డు లేదు. కాబట్టి ఒక కంపెనీ 300, ఇంకో కంపెనీ 340 పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది తక్కువ. ట్రాక్షన్ గ్రేడు తడి రోడ్డు మీద తిన్నగా పోతూ చక్రం బిగిసినప్పటి పట్టును మాత్రమే చెబుతుంది, మలుపు గురించి ఏమీ చెప్పదు. ఆటోక్రాస్ పోటీల్లో అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు వీధి టైర్ల తరగతికి 200 కనిష్ఠమని నియమం పెట్టింది. దాంతో సరిగ్గా 200 అచ్చేసిన ఒక జాతి టైర్లే పుట్టుకొచ్చాయి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ వాటిలో ఒకటి. వేడెక్కాక ఇలాంటి టైర్లు రేసు టైర్లకు దగ్గరగా పట్టుకుంటాయి. రోజూ ఆఫీసుకు పోయే కారుకు వీటిని నేను సిఫారసు చేయను. తొందరగా అరుగుతాయి, చప్పుడు ఎక్కువ, గాడులకు ఇచ్చే చోటు తక్కువ కాబట్టి నిలిచిన నీటిలో వెనకబడతాయి.

రోజూ నడుపుతూ, ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్ మీదికి తీసుకెళ్లే జీఆర్86కు సరిపోయేది మధ్య తరగతి: పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ స్పోర్ట్ 02, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ వంటివి. వీటిలో ఏది అనేది మీ కొలతలో ఏది దొరుకుతుంది, స్వతంత్ర పరీక్షల్లో తడి బ్రేకింగు దూరం ఎంత వచ్చింది అనే రెండింటిని బట్టి తేల్చుకోవచ్చు. ఇండియానాలోని సౌత్ బెండ్‌లో టైర్ ర్యాక్ దుకాణానికి సొంత ట్రాక్ ఉంది, యూరప్‌లో ఏడీఏసీ ఏటా పరీక్షలు చేస్తుంది. ట్రాక్ మీద రోజంతా గడిపేవాళ్లు 200 తరగతిని రెండో జత చక్రాలకు ఎక్కించుకోవడం మంచిది. కారును జారించి నేర్చుకోవాలనుకునే కొత్త డ్రైవరుకు మాత్రం ప్రైమసీ ఇప్పటికీ మంచి గురువు. టాడా బృందం ఆలోచనలో లోపం లేదు. వానలో మాత్రం ఆ హద్దు ఇంకా ముందుకొస్తుందని గుర్తుంచుకుని నడపాలి.

దుకాణంలో డబ్బు కట్టే ముందు టైరు పక్క గోడ మీద డాట్ అక్షరాల చివర ఉన్న నాలుగంకెలు చదవండి. 2523 అంటే 2023లో 25వ వారం తయారైందని. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న టైరును తగ్గింపు ధరకు ఇస్తామన్నా వద్దనండి. నాలుగూ ఒకే రకం వేయించండి. రెండే కొనగలిగితే కొత్తవి వెనక చక్రాలకు వెళ్లాలి, ఎందుకంటే తడిలో వెనక చక్రాల పట్టు ముందు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది, అప్పుడు దాన్ని సరిచేయడం చాలామందికి సాధ్యం కాదు. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన పదార్థం కొత్త ట్రెడ్ మీద కొంత మిగిలి ఉంటుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా నడిపి అది అరిగిపోయేదాకా ఆగండి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే తెల్లవారి బండి తీయకముందే కొలవండి. డ్రైవరు తలుపు చట్రం మీద అతికించిన చీటీలో ఉన్న అంకెతోనే మొదలుపెట్టండి.